ఎనిమిదికి మూడుంపావు

నా మీద దొంగ అనే ముద్ర పడింది కంప్యూటర్ చెప్పిన ఒక లెక్క వల్ల. ఆ లెక్క నన్ను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాను. పెట్టింది ఎనిమిది జీబీలు, కనపడింది మూడుంపావు. మిగతాది ఎక్కడికి పోయిందన్న ప్రశ్న వచ్చినప్పుడు గదిలో ఉన్నవాళ్లందరూ నా వైపు చూశారు.

క్షమిస్తే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. వాళ్లనెవరూ నలుగురిలో దొంగ అనలేదు. నేను క్షమించలేదు. పగ పట్టాను, దాన్ని కూడు పెట్టి మేపాను, అదను చూసి తీర్చుకున్నాను. అదంతా దాచుకోకుండా చెప్పాలని ఇప్పుడు కూర్చున్నాను.

రెండువేల పది దాటిన తొలి సంవత్సరాలవి. విజయనగరంలో ఒక ఫోటో స్టూడియోలో నేను ఆల్బమ్ డిజైనర్‌ని. అతికించిన ఫోటోల ఆల్బమ్‌లు పోయి, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మబ్బుల మీద తేలే డిజిటల్ పేజీలు వచ్చిన రోజులు. పెళ్లికూతురి తల వెనక తాజ్‌మహల్, పెళ్లికొడుకు భుజం మీంచి దూకే జలపాతం, అవన్నీ నా చేతిపనే. డిగ్రీ అయ్యాక ఇష్టపడి నేర్చుకున్న పని. నెల్లిమర్ల నుంచి ఆటోలో వచ్చి వెళ్లేదాన్ని. ఇంట్లో అమ్మా నేనే. అమ్మ జూట్ మిల్లులో ఎన్నో ఏళ్లు పనిచేసి మానేసింది.

మేము బాప్టిస్టు సంఘం వాళ్లం. మా ఇంట్లో ఒట్టు పెట్టకూడదు. చిన్నప్పుడు "నీ తోడే", "దేవుడి తోడు" అని నోరు జారితే అమ్మ మూతి మీద ఒక్కటిచ్చేది. ఔనంటే ఔను, కాదంటే కాదు, మధ్యలోకి దేవుణ్ణి సాక్ష్యానికి ఈడ్చకూడదని ఆవిడ పట్టు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కొంప మునిగింది ఇక్కడే.

స్టూడియో యజమానిని అందరం షావుకారు అనేవాళ్లం. వాళ్ల తాతల నుంచీ గోగునార, చింతపండు వ్యాపారం. ఈయన కాలానికి నార వ్యాపారం సన్నగిల్లి, స్టూడియో పెట్టి, పక్కనే ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు కూడా మొదలుపెట్టాడు. సరుకు మారింది గాని ఆయన బుర్రలో కాటా మారలేదు. నోరు తెరిస్తే తరుగు. పచ్చి నార ఎండితే తూకం తగ్గుతుంది కదా, అది తరుగు. ప్రింట్ కత్తిరిస్తే పోయే అంచు తరుగు, పెళ్లి వీడియోలో పనికిరాని ముక్క తరుగు, సెలవు పెట్టిన పనివాడి రోజు కూడా తరుగే. "తరుగుకి ఒక అద్దుంటాది. అద్దు దాటితే అది తరుగు కాదు, సేతివాటం" అనేవాడు. తేడా వస్తే సరుకును ఆఖరున ముట్టుకున్నవాళ్లు జవాబు చెప్పాలి. నార గోదాములో అది న్యాయమే అయి ఉండొచ్చు.

నేను పనిచేసే కంప్యూటర్‌కి మెమరీ చాలేది కాదు. మెమరీ అంటే దానికి పనిబల్ల లాంటిది. బల్ల చిన్నదైతే ఒక కాగితం పరవాలంటే ఇంకోటి తీయాలి. ఒక పేజీలో పది ఫోటోలు పేర్చేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయేది. నేను చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని, పెళ్లివాళ్లు ముందు గదిలో కూర్చుని నన్ను తిట్టుకునేవాళ్లు. నేను పోరగా పోరగా షావుకారు ఒప్పుకుని, నాలుగేసి జీబీల మెమరీ ముక్కలు రెండు తెప్పించాడు. వేలెడు పొడుగున్న పచ్చటి పలకలు. రెండూ కలిపి ఎనిమిది.

వాటిని పెట్టింది షావుకారు బావమరిది. హైదరాబాదులో ఏదో హార్డ్‌వేర్ కోర్సు చేసి వచ్చి, మెడలో పెన్ డ్రైవ్ వేలాడేసుకుని తిరిగేవాడు. పాత ముక్క పీకేసి, కొత్తవి రెండూ గుచ్చి, మూత బిగించి, "ఎనిమిది బావా! ఇక రాకెట్టే" అని ప్రకటించాడు. స్క్రీన్ మీద ఎంత కనపడుతోందో చూడలేదు. విండోస్ మాత్రం పాతదే ఉంచాడు. దానికి కారణముంది. పెళ్లి కార్డులకు తెలుగు అక్షరాలు కొట్టే సాఫ్ట్‌వేర్ ఆ పాత విండోస్‌లోనే నడిచేది. దానికి తాళంలాంటి చిన్న డాంగిల్ కేబినెట్ వెనక గుచ్చి ఉండేది. విండోస్ మారిస్తే అది పలకదు. తెలుగు పలకకపోతే కార్డుల పని ఆగిపోతుంది. అందుకని విండోస్ జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

రాకెట్ లేవలేదు. ముందుకంటే కాస్త నయమే గాని, పేజీ పెద్దదయ్యేసరికి మళ్లీ బిగుసుకుపోయేది. ఒకరోజు చిరాకొచ్చి, మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో 3.25 జీబీ అని ఉంది. తిన్నగా ముందు గదిలోకి వెళ్లి షావుకారుతో చెప్పాను.

"ఎనిమిది ఏశామన్నారు కదండీ, మూడుంపావే సూపిస్తంది. ఒకసారి మీరే వచ్చి సూడండి" అన్నాను.

చూశారా, ఆ అంకె నేనే చూపించాను. ఏ దొంగైనా తన దొంగతనాన్ని తనే రైట్ క్లిక్ చేసి చూపిస్తుందా? ఈ మాట ఆ రోజు అక్కడున్న ఒక్క బుర్రకీ తట్టలేదు.

షావుకారు వచ్చాడు. ఆయన వెనకే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఆల్బమ్ కోసం వచ్చిన ఒక పెళ్లివాళ్లు కూడా తలుపు దగ్గర మూగారు. బావమరిదిని పిలిపించారు. అతను స్క్రీన్ చూసి గతుక్కుమన్నాడు. నాకు తెలియదు అనడం అతనికి చేతకాదు. మూత తీశాడు. ముక్కలు రెండూ ఉన్నాయి. ఒకటి పీకి బయటపెట్టి, ఒక్కదానితో కంప్యూటర్ ఆన్ చేశాడు. మళ్లీ మూడుంపావే.

"సూశావా బావా! ఇది ఉన్నా అంతే, తీసీసినా అంతే. అంటే ఇది సచ్చిన ముక్క. నాను పెట్టినప్పుడు రెండూ కొత్తవే. మంచిది తీసీసి ఎవులో దీన్ని పెట్టినారు" అన్నాడు.

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఒకటి తీసినా లెక్క తగ్గలేదు, కాబట్టి తీసింది ఉత్తిది. నాకే ఒక్క క్షణం నిజమేననిపించింది. ఉంచినదాన్ని తీసి, తీసినదాన్ని పెట్టి చూద్దామని అతనికి తోచలేదు. నాకూ తోచలేదు, ఎవరికీ తోచలేదు.

షావుకారు ఒక్కటే అడిగాడు. "మరి నాలుగైనా సూపించాల కదా. మూడుంపావేటి?"

బావమరిది వంగి మూత మరలు వెతుక్కోసాగాడు. షావుకారు తనే సర్దుకున్నాడు. "సర్లే, నాలుక్కి ముప్పావు తరుగనుకో. పచ్చి నారకీ పోతాది అంత. మరి రెండో నాలుగేదీ?"

అలా ఆ ముప్పావుని తరుగు కింద రాసేసి, మిగిలిన నాలుగునీ నా నెత్తిన పెట్టాడు. "ఈ డబ్బా మూత ఎవులు తీస్తారు?" అన్నాడు.

"దుమ్ము దులపడానికి నేనే తీస్తానండి" అన్నాను. అది కూడా నేనే చెప్పాను.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారేటి" అన్నాడు షావుకారు. గోడకున్న దేవుడి పటం ముందు నుంచి పళ్లెం తెచ్చి, కర్పూరం బిళ్ల వెలిగించి నా ముందు పెట్టాడు. "నాను తియ్యనేదని సెప్పి ఈ కర్పూరం ఆర్పు. ఇక్కడితో ఒగ్గెస్తాను."

ఆయన దృష్టిలో అది దయే. బజార్లో సగం తగువులు కర్పూరం మీదే తెగేవి. ఆర్పితే మాట నిజమని నమ్మాలి, ఆ పైన ఎవరూ అడగకూడదు. అరచేత్తో ఒక్కటి కొడితే నా ఉద్యోగం నిలిచేది.

"నేను తియ్యలేదండి. కర్పూరం మాత్రం ఆర్పను. మా ఇళ్లల్లో ఒట్టు పెట్టరు" అన్నాను.

"ఇక్కడ కాదంటే రామతీర్థం పద. రాములోరి ముందర సెప్పు."

"ఎక్కడైనా అంతేనండి. తియ్యలేదంటే తియ్యలేదు."

కర్పూరం దానంతటదే కరిగి ఆరిపోయింది. అది కాలుతున్నంతసేపూ అందరూ నా చెయ్యి కేసి చూస్తున్నారు. పెళ్లివాళ్లలో ఒకావిడ కుర్చీ మీదున్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. మిగతావన్నీ మరిచిపోయినా ఆవిడ చెయ్యి ఆ బ్యాగు మీదికి వెళ్లడం మాత్రం మరిచిపోను.

"సూసినారా, ఆర్పనేకపోయింది! దొంగ!" అన్నాడు షావుకారు. చిన్నగా అనలేదు. నార బస్తాలు వేలం పాడిన గొంతు అది. వీధిలో సోడా కొట్టేవాడు కూడా ఇటు తిరిగి చూశాడు. "ఇదిగో, నీ సచ్చిన ముక్క నువ్వే అట్టుకుపో" అని ఆ పచ్చ పలకను నా మీదికి విసిరాడు. అది నా భుజానికి తగిలి కింద పడింది. దాన్ని తీసి సంచిలో వేసుకుని బయటికొచ్చాను. కొన్నచోటికి తీసుకెళ్లి చూపిద్దామని కూడా వాళ్లు అనుకోలేదు. దొంగ దొరికాక ఇంకా వెతకడమెందుకు?

ఫోటోగ్రాఫర్ల నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్లిపెళ్లికీ తిరిగేవాళ్లు కదా, వారం తిరిగేలోగా పట్టణంలో స్టూడియోలన్నిటికీ నా కథ చేరింది. పని అడగడానికి వెళ్తే, "నువ్వేనా ఆ మెమరీ అమ్మాయివి?" అని నవ్వేవారు. నవ్వి కంప్యూటర్ ఉన్న గది తలుపు దగ్గరగా వేసేవారు. ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను. అమ్మ నా తల నిమిరి, "దేవుడికి ఒగ్గీయే. పగ తీర్సడం ఆయన పని, మన పని కాదు" అంది. ఆ తరవాత ఆ మాట ఎత్తనేలేదు.

నేను మాత్రం ఒగ్గలేదు. దేవుడికి చాలా పనులుంటాయి, ఈ చిన్నపని నేను చూసుకుంటే ఆయనకీ సాయం చేసినట్టుంటుంది అనుకున్నాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే షావుకారు ముఖమే కనపడేది. ఆయన కట్టిన ప్రతి ఫ్లెక్సీ గాలికి చిరిగిపోవాలని, ఆయన వేసిన ప్రతి పెళ్లి కార్డులో ముహూర్తం తప్పు పడాలని, బావమరిది ముట్టుకున్న ప్రతి యంత్రం నల్ల తెర చూపించాలని వరసగా కోరుకునేదాన్ని. చివర్న ఆమెన్ కూడా అనేదాన్ని.

విజయనగరంలో పని దొరకదని తేలిపోయాక శ్రీకాకుళం వెళ్లాను. అక్కడ పిన్ని ఇల్లుంది. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక కంప్యూటర్ షాపులో కుదిరాను. దాని యజమాని ఒకప్పుడు ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, అందుకని అందరూ మాస్టారు అనేవారు. నేను బిల్లులు రాయడం, డిజైన్లు చేయడం, ఖాళీగా ఉంటే మరమ్మతుల బల్ల దగ్గర నిలబడి చూడటం.

ఒకరోజు ఆ బల్ల మీద కొత్త కంప్యూటర్ ఉంది. మెమరీ స్లాట్ ఒకటి ఖాళీగా కనపడింది. షావుకారు విసిరిన ముక్క అప్పటికీ నా సంచిలోనే ఉంది. నన్ను దొంగను చేసిన వస్తువు, ఎలా పారేస్తాను? ఎందుకు బుద్ధి పుట్టిందో, దాన్ని ఆ ఖాళీ స్లాట్‌లో గుచ్చి ఆన్ చేశాను. అప్పటిదాకా నాలుగు చూపించిన కంప్యూటర్ ఎనిమిది చూపించింది.

చచ్చిన ముక్క బతికే ఉంది. ఎప్పుడూ చావలేదు. సంతోషించాలి కదా. సంతోషం రాలేదు, ఒళ్లంతా మంట పుట్టింది. మాస్టారిని పిలిచి జరిగిందంతా చెప్పాను.

"అక్కడ ఏ విండోస్ అమ్మా?" అన్నాడాయన.

"పాతదండి. తెలుగు సాఫ్ట్‌వేర్ కోసం ఉంచారు."

మాస్టారు నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపాడు. "సూడమ్మా. మెమరీలో ప్రతి చోటుకీ ఒక డోర్ నంబరుండాల. ఆ పాత విండోస్ ముప్పైరెండు బిట్లది. దాని కాడున్న నంబర్లు నాలుగు జీబీలొచ్చేసరికి అయిపోతాయి. ఆ పైన ఎన్ని ఇళ్లున్నా పోస్టుమేనుకి తెల్దు. ఆ నాలుగులో కూడా కొన్ని నంబర్లు బొమ్మ సూపించే కార్డుకీ మిగతా పార్టులకీ ముందే రాసిచ్చీసి ఉంటాయి. అయ్యి పోను మనకి మిగిలేది మూడుంపావు. ఎనిమిది పెట్టు, పదహారు పెట్టు, మూడుంపావే."

"ఒక ముక్క తీసేస్తే?"

"నాలుగుంటాది కదా. అప్పుడూ మూడుంపావే."

"ఆ తీసినదాన్ని పెట్టి, రెండోది తీసేస్తే?"

"అదీ నాలుగే కదమ్మా. మూడుంపావే సూపిస్తాది."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ బావమరిది ఇంకొక్కసారి ముక్కలు మార్చి చూసి ఉంటే అప్పటికప్పుడే అంతా తేలిపోయేది. అతను సగం పరీక్ష చేశాడు. ఆ సగంతో నా బతుకు మీద తీర్పు చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తనకి తెలియనిదాన్ని నా దొంగతనంగా చేసి చేతులు దులుపుకున్నాడు. పాత విండోస్ పాపం తనకి లెక్క వచ్చినంతవరకే చెప్పింది. మిగతాది మనుషులు కల్పించారు.

"ఎల్లి సెప్పీయమ్మా, నీ మాట నిలబడతాది" అన్నాడు మాస్టారు.

వెంటనే వెళ్లలేదు. వెళ్లి చాటుగా చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. షావుకారు తల గోక్కుని, అలాగా అమ్మా అని, ఒక టీ తెప్పిస్తాడు. విషయం ఆ టీ గ్లాసుతోనే ముగిసిపోతుంది. నాకు టీ వద్దు. ఏ చెవులు ఆ మాట విన్నాయో ఆ చెవులే ఈ మాటా వినాలి. ఇంకో సంగతి కూడా ఉంది, ఎందుకు దాచాలి? నేను చెప్పనంతకాలం ఆ కంప్యూటర్ అలాగే బిగుసుకుంటుంది, ఆ షాపులో పని అలాగే ఆగుతుంది. ఆ తలంపు నాకు రోజూ అన్నంలో ఆవకాయలా నంజుకోవడానికి పనికొచ్చేది.

దసరాకు షావుకారు ఆయుధ పూజ ఘనంగా చేసేవాడు. వాళ్ల తాతల కాటా దగ్గర నుంచి కెమెరాలు, ప్రింటర్లు, కంప్యూటర్ల దాకా అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. పట్టణంలో ఫోటోగ్రాఫర్లు, కార్డుల వాళ్లు, ఫ్లెక్సీలు కట్టేవాళ్లు అందరూ వచ్చి పులిహోర, బూరెలు తిని వెళ్లేవారు. నాకు కావలసిన చెవులన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, ముక్కను రుమాల్లో చుట్టుకుని, శ్రీకాకుళంలో బస్సెక్కాను. దారంతా ఏం మాట్లాడాలో పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్క సీటావిడ నేను ప్రార్థన చేస్తున్నాననుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

నేను గుమ్మం ఎక్కేసరికి హారతి అయిపోయింది. నన్ను చూసి, ఆ రోజు తలుపు దగ్గర నిలబడ్డ ఫోటోగ్రాఫర్లిద్దరూ చేతిలో బూరెలతో అలాగే ఉండిపోయారు.

"ఏటమ్మా, ఇలగొచ్చినావు?" అన్నాడు షావుకారు.

"నా ముక్క తెచ్చానండి. మీ కంప్యూటర్లో ఒకసారి పెట్టి చూపించి వెళ్లిపోతాను."

"ఇయాల దాన్ని ముట్టుకోకూడదు. పూజకెట్టిన పనిముట్టు."

"మీరు ముట్టుకోకండి. నాకా పట్టింపు లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. షావుకారు కాదనబోయాడు గాని, ఫ్లెక్సీలు కట్టే పెద్దాయన ఒకడు "సూపించనీండి షావుకారూ, ఏటో సూద్దుం" అన్నాడు. జనానికి బూరెల కన్నా ఇది రుచిగా కనపడింది.

బొట్టు చెరగకుండా మూత తీశాను. ముందు లోపలున్న ముక్కతోనే ఆన్ చేశాను. మూడుంపావు. అందరికీ కనపడేలా స్క్రీన్ తిప్పాను. ఆపి, ఆ ముక్క పీకి, షావుకారు చేతిలో పెట్టాను. "ఇది మీరు మంచిదన్నది. ఇప్పుడు మీరు చచ్చిందన్నది ఒక్కటే పెడుతున్నాను" అని నా రుమాలు విప్పాను.

కంప్యూటర్ ఆన్ అయ్యేలోగా వెనకున్నవాళ్లు కూడా తెర కనపడేలా ముందుకు జరిగారు. తెర మీద విండోస్ బొమ్మ వచ్చింది. రైట్ క్లిక్ చేశాను, ప్రాపర్టీస్ నొక్కాను. మూడుంపావు.

"ఓలమ్మో, బతికే ఉన్నాది!" అన్నాడు ఫోటోగ్రాఫర్లలో ఒకడు.

ఆపి, షావుకారు చేతిలోది కూడా తీసుకుని రెండూ పెట్టాను. మూడుంపావు. "రెండూ మంచివే. ఏది పెట్టినా, రెండూ పెట్టినా ఇంతే. మీ విండోస్‌కి ఇంతకు మించి లెక్క రాదు. మీ బావమరిది ఒకటి తీసి చూశాడు, రెండోది తీసి చూడలేదు. ఎవరూ ఏమీ మార్చలేదు" అన్నాను.

బావమరిది తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ ముఖం కందగడ్డ అయిపోయింది. "నాను అప్పుడే అనుకున్నాను బావా, విండోస్‌లో ఏదో..." అని మొదలుపెట్టాడు. షావుకారు అతని వైపు చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

"సర్లేమ్మా. జరిగిందేదో జరిగిపోనాది. పండగపూట, రా, పులిహోర తిను" అన్నాడు షావుకారు.

దీనికోసమే ఇంతకాలం కాచుకున్నాను. "ఆ రోజు నన్ను దొంగ అన్నారు. వీధిలో సోడా కొట్టేవాడికి కూడా వినపడింది. ఇప్పుడు కాదని చెప్పండి. అదే గొంతుతో" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు. "అమ్మాయి తియ్యనేదు" అన్నాడు, గడ్డంలో గొణిగినట్టు.

"వెనకాల వాళ్లకి వినపడలేదండి."

"అమ్మాయి మెమరీ తియ్యనేదు. పొరపాటు మాదే."

వెనక విస్తళ్లు వేస్తున్న ఒకాయన నిజంగానే వినపడక, "ఏటి, ఏటంతన్నారు?" అని అడిగాడు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. షావుకారు మెడ నరాలు ఉబ్బాయి. "దొంగ కాదు! అమ్మాయి దొంగ కాదురా!" అని అరిచాడు. నార వేలం గొంతు మళ్లీ బయటికొచ్చింది. అది విని నా ఒళ్లు చల్లబడింది. ఇంత హాయి పాపమైతే ఆ పాపం నాకుండనీ అనుకున్నాను.

మూత బిగిస్తుంటే షావుకారు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆ ముక్క మనదే కదా, ఉంచీస్తావా?" అన్నాడు. వ్యాపారస్తుడంటే వ్యాపారస్తుడే. అంత సిగ్గులోనూ సరుకు మరిచిపోలేదు.

"రెండూ లోపలే ఉన్నాయండి" అన్నాను.

"మరి ఎనిమిదీ వాడుకోవాలంటే ఏటి సెయ్యాల?"

నాకు తెలుసు. అరవైనాలుగు బిట్ల విండోస్ వేయాలి, తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్తది తెచ్చుకోవాలి, ఒక పూట పని. "మీ బావమరిది ఉన్నాడు కదండీ, అడగండి" అని చెప్పి బయటికొచ్చేశాను. ఆ పూట పని వాళ్లెప్పటికి చేసుకున్నారో, అసలు చేసుకున్నారో లేదో నాకు తెలియదు.

నెల్లిమర్లలో ఆటో దిగేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు బాగుచేస్తోంది. నేను పండక్కి వస్తానని చెప్పలేదు. ఎక్కడి నుంచి వస్తున్నానో చెప్పాను.

"దేవుడికి ఒగ్గీమన్నాను కదే" అంది, తలెత్తకుండా.

"ఒగ్గలేదమ్మా."

కొంతసేపు చేపల తలలు తుంచుతూనే ఉంది. తరవాత, "అందరూ ఉన్నారా?" అంది.

"అందరూ ఉన్నారు."

"దొంగ కాదని సెప్పినాడా?"

"చెప్పాడు."

"గట్టిగానా?"

"అరిచాడమ్మా. వీధిలోకి వినపడింది."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఆ ఈది కేసి ఎల్డం నాను ఎప్పుడో మానీసినాను, తెల్దా నీకు? టౌను మార్కెట్టుకి ఎల్తే సుట్టు తిరిగి ఎల్లేదాన్ని. 'దీని కూతురే' అంటారని" అంది. నాకు ఆ సంగతి తెలియదు. ఇంతకాలం పగ నా ఒక్కదానిదే అనుకున్నాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, చేపల గిన్నె పక్కకు నెట్టి, నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టింది.

"ఒసే, అరిసినప్పుడు ఆడి మొగం ఎలగున్నాది? అది సెప్పనేదు నువ్వు. మొదల్నించీ సెప్పు, ఒక్కటీ ఒగ్గకుండా సెప్పు" అంది.